పిలుపు ముందు ఎవరికి, మొత్తానికి ఎవరికి

యేసు ఇశ్రాయేలు ప్రజల కోసమే వచ్చారా, లోకమంతటి కోసమా? ముహమ్మద్ ప్రవక్త అరబ్బుల కోసమా, మనుషులందరి కోసమా? హైదరాబాద్‌లో ఈ వాదన జరగని బస్తీ ఉండదు. ఒకరు బైబిల్లో మత్తయి 15:24 తెరుస్తారు. "ఇశ్రాయేలు వాళ్ల దగ్గరికి తప్ప ఇంకెవరి దగ్గరికీ పంపలేదని ఆయనే అన్నారు కదా, మరి తెలుగువాళ్లకేం సంబంధం?" అని అడుగుతారు. ఇంకొకరు ఖుర్‌ఆన్‌లో 42:7 తీస్తారు. "మక్కానీ దాని చుట్టుపక్కలవాళ్లనీ హెచ్చరించడానికి అని ఉంది కదా, మరి మనకెందుకు?" అంటారు. రెండు వచనాలూ ఉన్నవే. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

చిక్కు ఇంకోచోట ఉంది. అవతలివాళ్ల గ్రంథంలో హద్దు గీసే మాటను పట్టుకుని, "అందరికీ" అనే మాటను తర్వాత చేర్చారని తోసేస్తారు. తమ గ్రంథం దగ్గరికి వచ్చేసరికి "అందరికీ" అన్నదే అసలు మాట, హద్దు మాట అప్పటి సందర్భానికి చెప్పింది అంటారు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఇంకో రాయి. ఇలా తూచినంతకాలం ఎన్నేళ్లు వాదించినా తేలేది లేదు. ఒకే రాయితో రెంటినీ తూస్తే ఏం తేలుతుందో ఇక్కడ వివరంగా పెడుతున్నాను.

ముందు ప్రశ్నను సరిచేసుకోవాలి. "ఎవరి కోసం" అన్న ఒక్క మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మనకు దావత్ అంటే విందు. ఈ దావత్, ధర్మం వైపు పిలవడాన్ని చెప్పే అరబ్బీ "దావా" రెండూ ఒకటే మాట, పిలుపు అని అర్థం. దావత్ అనగానే మనకు రెండు లెక్కలు తెలుసు: మొదటి పిలుపు ఎవరింటికి వెళ్లింది, వంట ఎంతమందికి వండారు. దగ్గరి చుట్టాలకు ముందు చెప్పారంటే ఊరివాళ్లకు అన్నం లేదని కాదు. అలాగే వంట ఊరందరికీ సరిపడా ఉందంటే చుట్టాలకు ముందు చెప్పలేదని కాదు. గ్రంథాల్లో ఒక వచనం మొదటి లెక్క చెబుతుంటే, ఇంకో వచనం రెండో లెక్క చెబుతుంటుంది. రెంటినీ ఎదురెదురు నిలబెట్టి ఏదో ఒకటి అబద్ధం అనడంతోనే గొడవంతా మొదలవుతుంది.

పని చేసే పద్ధతి ఇది. ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో మాట అంటున్నది ఎవరు, రెండో దాంట్లో వింటున్నది ఎవరు, మూడో దాంట్లో హద్దు చెప్పే మాట ఏది, నాలుగో దాంట్లో అది ఏ దశలో అన్నది. మూడో గడిలో మరీ జాగ్రత్తగా ఉండాలి. "ఫలానావాళ్ల దగ్గరికి పంపాను" అన్నా, "ఫలానావాళ్ల దగ్గరికే పంపాను" అన్నా మన చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తుంది. కానీ ఆ "కే" ఉందా లేదా అన్నదే సగం జవాబు. మూలంలో "తప్ప" అనే కట్టడి ఉంటే ఒక గీత గీయండి, లేకపోతే ఖాళీగా వదలండి. రెండు గ్రంథాల నుంచీ ఆరేసి వచనాలు తీసుకుంటే చాలు, ఒక సాయంత్రం పని.

మత్తయితో మొదలుపెడదాం. 15:24లో కట్టడి ఉంది, గట్టిగానే ఉంది: "తప్ప పంపబడలేదు" అనే గ్రీకు వాక్యం. దాన్ని మెత్తబరచి చెప్పే బోధకులు వచనానికి అన్యాయం చేస్తున్నారు. 10:5, 6లో కూడా పన్నెండుమంది శిష్యులను పంపుతూ అన్యజనుల (యూదులు కానివాళ్ల) దారిలోకి పోవద్దు, సమరయుల ఊళ్లలోకి వెళ్లొద్దు అనే చెప్పారు. మరి 28:19లో అదే సువార్త సమస్త జనులనూ శిష్యులను చేయమంటుంది. ఇక్కడ తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఒక సంగతి కనపడకుండా పోయింది. 10:5లో "అన్యజనులు", 28:19లో "జనులు" అని రెండు మాటలున్నాయి కానీ గ్రీకులో రెండుచోట్లా ఉన్నది ఒకటే మాట, "ఎత్నే". అంటే ఏ దారిలోకి పోవద్దన్నారో, చివర్లో సరిగ్గా ఆ దారిలోకే పొమ్మంటున్నారు. మత్తయి పొరపాటున రెండు విరుద్ధమైన మాటలు రాసుకోలేదు. ముందు తాళం వేసి చూపించి, చివర అదే తాళం తీసి చూపించాడు. తెలుగులో మాట మారడంతో ఆ తాళం, తాళంచెవి ఒకదానివే అని తెలియకుండా పోయింది.

ఇలాంటిదే ఇంకొకటి. "నశించిన గొర్రెలు" అన్న మాట 10:6లోనూ 15:24లోనూ గ్రీకులో అక్షరం తేడా లేకుండా ఒకటే. తెలుగులో ఒకచోట "ఇశ్రాయేలు వంశములోని" అని, ఇంకోచోట "ఇశ్రాయేలు ఇంటివారై" అని వచ్చింది. మొదటిది చదివితే ఇశ్రాయేలులో దారితప్పిన కొందరు అనిపిస్తుంది, రెండోది చదివితే ఇశ్రాయేలు మొత్తం దారితప్పినట్టు అనిపిస్తుంది. గ్రీకు రెండు అర్థాలకూ చోటిస్తుంది. అనువాదంలోని ఒక్క విభక్తి మీద పెద్ద వాదం కట్టకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇక 15:24 వచ్చే కథనే మార్కు 7:24-30లో చూడండి. తూరు ప్రాంతం, కూతురికి బాగాలేని ఒక పరాయి తల్లి, రొట్టె, బల్ల కింద కుక్కపిల్లలు. కథ ఒకటే. మార్కులో "పంపబడలేదు" అన్న వాక్యమే లేదు. బదులుగా, పిల్లలు మొదట తృప్తిపడాలి అని ఉంది. మత్తయిలో ఈ "మొదట" లేదు. ఒకరు హద్దు చెప్పారు, ఇంకొకరు వరస చెప్పారు. ఆ తల్లి జవాబు మాత్రం రెంట్లోనూ ఉంది: బల్ల దగ్గర కిందపడే ముక్కలు కుక్కపిల్లలు కూడా తింటాయి కదా అంది. ఆమె వరసను ఒప్పుకుంది, వంట చాలదన్న మాటను మాత్రం ఒప్పుకోలేదు. ఆమె కూతురికి నయమైంది. ఒక్క 15:24 చదివి 15:28 చదవకుండా పుస్తకం మూసేసేవాళ్లు ఆ తల్లిని గుమ్మం బయటే వదిలేస్తున్నారు.

"28:19 తర్వాత ఎవరో చేర్చింది" అనే మాట చాలా చలామణిలో ఉంది, కాబట్టి ఇది కొంచెం నిదానంగా చూడాలి. ఆ భాగం మిగిలి ఉన్న గ్రీకు రాతప్రతులన్నింట్లోనూ ఈ వచనం ఉంది. నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ దాన్ని కొన్నిచోట్ల కుదించి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామమున బాప్తిస్మం ఇమ్మనే మాటల బదులు "నా నామమున" అని రాశాడు. పండితుల వాదన అంతా బాప్తిస్మం దగ్గరి ఆ మాటల గురించే. యూసేబియస్ పొట్టి పాఠంలో కూడా "సమస్త జనులు" అన్నది అలాగే ఉంది. మార్కు 16:15 సంగతి వేరు. మార్కు చివరి 12 వచనాలు చాలా పాతవైన సినాయ్, వాటికన్ గ్రీకు రాతప్రతుల్లో లేవు. కాబట్టి "సర్వసృష్టికి సువార్త" అన్న ఆ మాటను ఒంటరి సాక్షిగా పిలవకూడదు. సువార్త సమస్త జనులకూ, లోకమంతటా అనే 13:10, 14:9 మార్కులోనే ఉన్నాయి, వాటిని పిలవండి.

ఒక న్యాయమైన అభ్యంతరం మిగులుతుంది. అంత స్పష్టంగా ఆజ్ఞ ఇచ్చి ఉంటే, అపొస్తలుల కార్యములు 10లో యేసు శిష్యుడు పేతురు, యూదుడు కాని రోమా శతాధిపతి కొర్నేలీ ఇంటికి వెళ్లడానికి అంత ఎందుకు తటపటాయించాడు? దానికి కథలోనే జవాబు ఉంది, కొంచెం కిందికి వద్దాం.

ఇప్పుడు ఖుర్‌ఆన్. తెలుగు అనువాదాల్లో "ఖౌమ్"కు సాధారణంగా జాతి అనీ, "నాస్"కు ప్రజలు లేదా మానవులు అనీ, "ఆలమీన్"కు సకల లోకాలు అనీ రాస్తారు. మన జాతి అన్న మాట కులం దాకా పాకిపోతుంది, అది ఖౌమ్ కాదు. ప్రవక్త ఎవరి మధ్య నిలబడి మాట్లాడుతున్నారో వాళ్లు ఖౌమ్. హూద్‌కు ఆద్, సాలిహ్‌కు సమూద్, షుఐబ్‌కు మద్యన్.

మామూలుగా వినిపించే కథనం ఒకటుంది: మొదట దగ్గరి బంధువులకు హెచ్చరిక (26:214), తర్వాత మక్కా, చుట్టుపక్కలు (6:92, 42:7), ఆఖర్న మదీనాలో బలం వచ్చాక మనుషులందరికీ (34:28) అని. వినడానికి చక్కగా మెట్లుమెట్లుగా ఉంటుంది, కానీ నాలుగో గడి నింపితే కూలిపోతుంది. 34వ సూరా (అధ్యాయం) మదీనాది కాదు, మక్కాదే, అంటే ప్రవక్త మదీనాకు వెళ్లకముందుది. సంప్రదాయంగా చెప్పే అవతరణ క్రమంలో 81వ సూరా ఏడోది, 7వ సూరా 39వది, 34వ సూరా 58వది, 42వ సూరా 62వది. అంటే "లోకాలకు ఇది ఉపదేశం" అనే 81:27 చాలా తొలినాటిది. "మీ అందరి దగ్గరికీ నేను దైవసందేశహరుణ్ణి" అనే 7:158 దాని తర్వాత వచ్చింది. మక్కా, చుట్టుపక్కల అనే 42:7 వీటన్నిటి తర్వాత వచ్చింది. ముందు ఊరు తర్వాత లోకం అని కాదు, రెండు మాటలూ పక్కపక్కనే నడిచాయి. అధికారం పెరిగాక పరిధి పెంచుకున్నారు అనే వాదన ఈ క్రమంలో ఇమడదు.

అలాగని "అందరికీ" అనే వైపు వాదించేవాళ్లు కూడా మాటలను గుడ్డిగా వాడుతున్నారు. "ఆలమీన్" కనిపించిన ప్రతిచోటా ఎనిమిది దిక్కులూ అనుకోకూడదు. 15:70లో లూత్ ప్రవక్త ఖౌమ్ ఆయనతో "ఆలమీన్ జోలికి పోవద్దని మేం చెప్పలేదా?" అంటుంది. అక్కడ దాని అర్థం బయటివాళ్లు, అంతే. "నాస్" కూడా అంతే. 3:173లో "నాస్ వాళ్లతో అన్నారు, నాస్ మీ మీదికి కూడివచ్చారని" అని ఒకే వాక్యంలో రెండుసార్లు వస్తుంది. ఒకసారి వార్త తెచ్చినవాళ్లు, ఇంకోసారి మక్కా సైన్యం. భూమ్మీద మనుషులందరూ కాదు. మరి 34:28 బలం ఎక్కడుంది? "నాస్" మాటలో కాదు, దాని ముందున్న "కాఫ్ఫతన్"లో, అంటే మొత్తంగా అనే మాటలో ఉంది. ఆ మాట పంపడానికి అన్వయిస్తుందా, ప్రజలకు అన్వయిస్తుందా అని అరబ్బీ వ్యాకరణకారులు తర్జనభర్జన పడ్డారు. ఎటు అన్వయించినా మిగిలేది మొత్తమే. పైగా ఆ వాక్యంలో "తప్ప" ఉంది: మొత్తం ప్రజలకు తప్ప నిన్ను పంపలేదు. మూడో గడిలో గీత పడుతుంది.

42:7లో మాత్రం గీత పడదు. "ఉమ్ముల్ ఖురా", ఊళ్లకు తల్లి అయిన మక్కానీ, దాని చుట్టూ ఉన్నవాళ్లనీ హెచ్చరించడానికి అంటుంది, వాళ్లను మాత్రమే అనదు. కొందరు వ్యాఖ్యాతలు "చుట్టూ" అంటే భూమి నాలుగు చెరగులా అని సాగదీశారు. అంత అవసరం లేదు. చుట్టూ అంటే చుట్టూనే. పిలుపు ముందు ఏ గుమ్మంలో పడిందో ఆ ఆయత్ (వచనం) చెబుతోంది. 14:4 కూడా అంతే: ప్రతి సందేశహరుణ్ణీ తన ఖౌమ్ భాషలోనే పంపాం, వాళ్లకు వివరంగా చెప్పడానికి. భాష ఎందుకు అన్నదానికి కారణం ఆ వాక్యంలోనే ఉంది. అర్థం కావడానికి పెట్టిన భాషను అడ్డుగోడగా చూపించడం సరికాదు. అరమేయిక్ మాట్లాడిన యేసుకు ఆ గోడ వర్తించదని చెప్పి, అరబ్బీకి మాత్రం కట్టేవాళ్లు మళ్లీ రెండో రాయి తీసినట్టే.

ఇదే న్యాయం తిరగేసి కూడా పెట్టాలి. ఖుర్‌ఆన్ 3:49 ఈసాను (యేసును) బనీ ఇస్రాయీల్ (ఇశ్రాయేలు సంతతి) వైపు సందేశహరుడు అంటుంది. అక్కడా "మాత్రమే" లేదు. పూర్వపు ప్రవక్తలు ఒక్కొక్కరు తమ ఖౌమ్‌కే, ముహమ్మద్ ప్రవక్త మనుషులందరికీ అనే తేడా స్పష్టంగా వచ్చేది హదీస్‌ల (ప్రవక్త మాటల) సంకలనమైన బుఖారీలో, ప్రవక్త సహచరుడు జాబిర్ బిన్ అబ్దుల్లా చెప్పిన హదీస్‌లో. ముందు ఏ ప్రవక్తకూ ఇవ్వని ఐదు తనకు ఇచ్చారని ప్రవక్త అన్న మాట అది, ఐదింట్లో ఇదొకటి. ముస్లింలకు అది గట్టి ప్రమాణమే. కానీ ఒక క్రైస్తవుడితో మాట్లాడుతూ దాన్ని 3:49 ఆయత్‌లోనే ఉన్నట్టు చూపించకూడదు. ఏ మాట ఎక్కడిదో అక్కడిదే అని చెప్పాలి.

తమ ఖౌమ్ అన్నంత మాత్రాన అది సొంత రక్తం అని కూడా కాదు. యోనా ప్రవక్త ఇశ్రాయేలువాడు, పంపింది అష్షూరువాళ్ల నీనెవె నగరానికి. ఖుర్‌ఆన్‌లో ఆయనే యూనుస్, లక్షమంది లేదా ఇంకా ఎక్కువమంది దగ్గరికి పంపినట్టు 37:147లో ఉంది. మూసా ఫిరౌన్ దర్బారుకు వెళ్లాడు, అక్కడి మాంత్రికులు విశ్వసించారు. అంతకుముందు అంతా నాలుగు గోడల మధ్యే, గేటు తెరుచుకుంది ఆఖర్నే అన్న బొమ్మ రెండు గ్రంథాల్లో ఏ ఒక్కదానికీ పూర్తిగా సరిపోదు.

ఇప్పుడు పేతురు సంగతి. కార్యములు 11:3లో యెరూషలేములో ఆయన్ను నిలదీసినవాళ్లు ఏమన్నారో చూడండి: నువ్వు సున్నతి లేనివాళ్ల ఇంటికి వెళ్లి వాళ్లతో కలిసి తిన్నావు. వాళ్ల గొడవ సువార్త గురించి కాదు, కంచం గురించి. సుమారు 49లో జరిగిన యెరూషలేము సభలో (కార్యములు 15) కూడా ప్రశ్న పరాయివాళ్లు రావచ్చా అని కాదు, వచ్చాక సున్నతి చేయించుకోవాలా అని. అవసరం లేదని తీర్మానించి నాలుగు నియమాలు రాసి పంపారు: విగ్రహాలకు పెట్టినవి, రక్తం, గొంతు నులిమి చంపినవి, జారత్వం మానాలి. నాలుగింట్లో మూడు తిండి గురించే. అంతియొకయ పట్టణంలో పేతురే ముందు అన్యజనులతో కలిసి తిని, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే వెనక్కి జరిగితే పౌలు ముఖం మీదే తప్పుపట్టాడని గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. దీనికి తెలుగులో మంచి మాట ఉంది, పంక్తిభేదం. అందరినీ పిలవడం ఒప్పుకున్నారు. పక్కన కూర్చోబెట్టుకోవడానికి టైం పట్టింది. పేతురు తటపటాయింపు ఆజ్ఞ లేదనడానికి రుజువు కాదు, ఆజ్ఞ విన్న మనిషికి అలవాటు ఎంత బరువో చెప్పే రుజువు.

ఇస్లాం చరిత్రలోనూ అచ్చం ఇదే జరిగింది. హబషీ (ఇథియోపియా మూలాలవాడు) అయిన బిలాల్, రూమీ (రోమావాడు) అని పేరుపడ్డ సుహైబ్ మక్కా రోజుల నుంచే ఉన్నారు. అయినా ప్రవక్త తర్వాతి తరాల్లో పాలించిన ఉమయ్యద్ వంశం కాలంలో అరబ్బులు కానివాళ్లు ఇస్లాంలోకి వస్తే ఏదో ఒక అరబ్బు తెగకు అనుబంధంగా, మవాలీలుగా చేరాల్సివచ్చింది. కొన్ని ప్రాంతాల్లో ముస్లిం అయ్యాక కూడా జిజియా (ముస్లింలు కానివాళ్ల మీద వేసే పన్ను) వసూలు చేశారు. దాన్ని ఆపమని 717 నుంచి 720 దాకా పాలించిన ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఆదేశించాడు. మనుషులందరికీ అనే 34:28 ఆయత్ వచ్చి అప్పటికి దాదాపు వందేళ్లు. ఉమయ్యద్‌ల పన్ను లెక్కలు చూపించి "చూశారా, ఇది అరబ్బుల మతమే" అనేవాళ్లు, అంతియొకయ బల్ల చూపించి "ఇది యూదుల మతమే" అన్నా ఒప్పుకోవాలి. రెండూ ఒప్పుకోనక్కర్లేదు. పంక్తిలో జరిగిన తప్పు వంటవాడి లెక్కకు సాక్ష్యం కాదు.

ఈ విషయంలో మన ఊరి పేరు ఒకటి చెప్పుకోవాలి. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, 1948 తర్వాత పారిస్‌లో స్థిరపడ్డ ముహమ్మద్ హమీదుల్లా. ప్రవక్త కాలపు ఒప్పందాలనూ ఉత్తరాలనూ ఒకచోట చేర్చి, ఏ పాఠం ఎక్కడెక్కడ ఉందో పోల్చిపెట్టిన పని ఆయనది. 628లో మక్కావాళ్లతో చేసుకున్న హుదైబియా ఒప్పందం తర్వాత రోమా చక్రవర్తి హిరాక్లియస్‌కూ, ఇరాన్ ఖుస్రోకూ, ఈజిప్టు పాలకుడు ముఖౌకిస్‌కూ, హబషా (ఇథియోపియా) రాజు నజాషీకీ ప్రవక్త ఉత్తరాలు వెళ్లాయని సంప్రదాయం. హిరాక్లియస్ ఉత్తరం బుఖారీలో పూర్తి పాఠంతో ఉంది, దాంట్లో 3:64 ఆయత్ కూడా ఉంది. వీటి ప్రామాణికత మీద చరిత్రకారులందరిదీ ఒకే మాట కాదు. అందుకే ఉత్తరాలను మొదటి సాక్ష్యంగా పెట్టొద్దని నా సలహా. తొలి మక్కా సూరాలు అంతకంటే బలమైనవి, ఉత్తరాలు వాటి వెనక నిలబడతాయి. చాలామంది ఉత్తరాలతో మొదలుపెట్టి, అవతలివాళ్లు వాటిని కాదనగానే చేతిలో ఏమీ లేక నిలబడిపోతారు.

నోటుపుస్తకం చివర రెండు చిన్న మాటలు పక్కపక్కన రాసుకోండి. ఒకటి మార్కు 7:27లోని గ్రీకు "ప్రోటోన్", అంటే మొదట. రెండోది ఖుర్‌ఆన్ 62:3లోని అరబ్బీ "లమ్మా". ముందరి ఆయత్, అల్లాహ్ చదువురాని ప్రజల్లో వాళ్లలోంచే ఒక సందేశహరుణ్ణి లేపాడు అంటుంది. ఆ వెంటనే ఇంకొందరి దగ్గరికి కూడా అని చెప్పి, వాళ్లు "ఇంకా" వీళ్లను కలుసుకోలేదు అంటుంది. అరబ్బీలో ఉత్తి "లమ్" అంటే కలవలేదు అని ముగిసిపోయేది. "లమ్మా" అంటే ఇంకా కలవలేదు, రాబోతున్నారు. ఆ ఇంకొందరు ఎవరని అక్కడున్నవాళ్లు అడిగారని బుఖారీలో ఉంది. మూడుసార్లు అడిగేదాకా ప్రవక్త జవాబివ్వలేదు. తర్వాత, వాళ్ల మధ్యే కూర్చుని ఉన్న ఇరాన్‌వాడు సల్మాన్ మీద చెయ్యి వేసి, విశ్వాసం కృత్తికా నక్షత్రాల దగ్గర ఉన్నా వీళ్లలోని మనుషులు దాన్ని అందుకుంటారు అన్నారు.